అన్నయ్య చేతికి ఏ గ్లాసు ఇవ్వాలి?

పేరు రాయవద్దని కోరుతూ ఒక చెల్లెలు ఈ వారం పొడవైన ఉత్తరం రాశారు. దాని సారాంశం ఇది.

ఆమె అన్నయ్య చాలా ఏళ్లు తాగారు. పోయిన వేసవి ముగిశాక మానేశారు. చికిత్స తీసుకున్నారు, ఇప్పటికీ మాత్రలు వేసుకుంటున్నారు. ఈ నెలాఖరుకు వాళ్ల అమ్మానాన్నల పెళ్లయి యాభై ఏళ్లు నిండుతాయి. వేడుక ఈమె ఇంట్లోనే, ముప్పై మంది దాకా వస్తారు. కొన్నాళ్ల క్రితం బంధువుల ఇంట్లో ఒక పుట్టినరోజు వేడుక జరిగింది. పెద్దవాళ్లంతా గ్లాసులు పట్టుకుని కబుర్లు చెప్పుకుంటుంటే, ఎవరో పిల్లల బల్ల మీద నుంచి బొమ్మల ప్లాస్టిక్ కప్పులో నారింజ రంగు పానీయం తెచ్చి అన్నయ్య చేతిలో పెట్టారు. ఆయన నవ్వి అందుకున్నారు. కాసేపటికే పని ఉందని చెప్పి వెళ్లిపోయారు. ఆ కప్పును ఈమె మరచిపోలేకపోతున్నారు.

అందుకే ఈసారి తాజా పండ్లతో మంచి పానీయం తన చేత్తో చేయాలనుకున్నారు. ప్రయత్నాలు ఏవీ కుదరలేదు. నిమ్మకాయలు తొక్కతో సహా మిక్సీలో వేస్తే మొదట బాగుండి, తర్వాత చేదెక్కింది. పుచ్చకాయ రసం అడుగున ఎర్రటి ముద్దగా, పైన రంగు నీళ్లుగా విడిపోయింది. ఆపిల్, అరటి, అనాస, నారింజ కలిపి చేసింది గోధుమ రంగుకు తిరిగి చిక్కబడింది. ఇంట్లో ఎవరూ రెండో గ్లాసు అడగలేదు. చివరికి వీడియోలో చూసి అనాస తొక్కలను చక్కెర నీళ్లలో వేసి, సీసా మూత బిగించి వంటగది గట్టు మీద రెండు రోజులు ఉంచారు. మూత తీయగానే బుస్సుమని నురగ పొంగింది. రుచి బాగానే ఉంది కానీ వాసన చూస్తే అనుమానం వచ్చింది. ఇదేమో ఇలా ఉంటే, భర్తేమో ‘తాగేవాళ్లకు మేడ మీద ఏర్పాటు చేద్దాం, మీ అన్నయ్యకు కింద జ్యూస్ ఇద్దాం, ఇందులో ఇంత ఆలోచన ఎందుకు?’ అంటున్నారు. అమ్మకు మధుమేహం, రక్తపోటు ఉన్నాయి. ‘నేను చేసిన పానీయం అన్నయ్యకు నచ్చితే ఆయన మళ్లీ ఆ వైపు చూడరనిపిస్తోంది. ఏం చేయాలి, ఎలా చేయాలి?’ అని అడిగారు.

ముందు ఆ అనాస సీసా సంగతి చూద్దాం. మిగిలి ఉంటే పారబోయండి. మూత బిగించి ఇంకా ఉంచి ఉంటే ముఖానికి దూరంగా పెట్టి, గుడ్డ కప్పి, నెమ్మదిగా తీయండి. లోపల వాయువు పెరిగితే గాజు సీసా పగిలిపోవచ్చు కూడా.

మీ అనుమానం నిజమే. పండ్ల తొక్క మీద సహజంగానే ఈస్ట్ ఉంటుంది. దానికి చక్కెర, నీళ్లు, వేసవి వేడి దొరికితే చక్కెరను తిని రెండు పదార్థాలు వదులుతుంది: ఒకటి బుడగలు తెచ్చే బొగ్గుపులుసు వాయువు, రెండోది ఆల్కహాల్. బుస్సుమన్న ఆ చప్పుడు మొదటిది, మీకు అనుమానం తెచ్చిన వాసనలో రెండోదానికీ వాటా ఉంది. అందులో ఆల్కహాల్ ఎంత చేరిందో ఇంట్లో రుచి చూసి చెప్పడం సాధ్యం కాదు. మరిగిస్తే పోతుందని కొందరు అంటారు. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుందన్నది నిజమే కానీ, నీళ్లలో కలిసినప్పుడు కాసేపు కాచినంత మాత్రాన మొత్తం పోదు. ఆ వీడియో చేసినవారిది మోసమని నేను అనను. పులియబెట్టిన పానీయాలు లోకమంతటా ఉన్నాయి. కానీ అది మీ అన్నయ్య కోసం వెతుకుతున్న పానీయం కాదు.

ఇక్కడ మరో సంగతి ఉంది. ఆయన మాత్రలు వేసుకుంటున్నారని రాశారు, ఏవో రాయలేదు. తాగుడు మానిన వారికి ఇచ్చే మందుల్లో డైసల్ఫిరామ్ ఒకటి. అది వాడేవారి ఒంట్లోకి కొద్దిపాటి ఆల్కహాల్ చేరినా ముఖం ఎర్రబడటం, గుండె దడ, తలనొప్పి, వాంతులు రావచ్చు. ఒక్కోసారి ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తుంది. ఆయన వాడేది అదేనో కాదో ఆయన్నే అడగండి. అది తెలిసేదాకా జాగ్రత్త కాస్త ఎక్కువే ఉండనివ్వండి. వనిల్లా ఎసెన్సుల్లో కొన్నింటిని ఆల్కహాల్‌లోనే తయారుచేస్తారు. బిట్టర్స్ పేరుతో అమ్మే చేదు చుక్కల సీసాల్లో మామూలుగా 35 నుంచి 45 శాతం ఆల్కహాల్ ఉంటుంది. చుక్కలే కదా అని వేయకండి. పండు, చక్కెర, వెనిగర్ కలిపి చేసే పానీయాలు రుచిగానే ఉంటాయి కానీ, డైసల్ఫిరామ్ వాడేవారిని వెనిగర్ విషయంలోనూ జాగ్రత్తగా ఉండమంటారు కాబట్టి ఈ వేడుకకు వద్దు. ‘ఆల్కహాల్ లేని’ బీరు అని అమ్మే వాటిలో కూడా చాలా దేశాల నిబంధనలు 0.5 శాతం దాకా అనుమతిస్తాయి. ఆ కాస్తకే మత్తు ఎక్కదు. అయితే ఆ రంగు, ఆ వాసన, ఆ నురగ పాత కోరికను తట్టి లేపగలవు. ఆయన తానుగా కోరితే అది ఆయన ఇష్టం. ఆశ్చర్యపరుద్దామని మీరు మాత్రం కొనకండి.

ఇదంతా చదివి తాజా పండ్ల రసానికే భయపడకండి. బాగా పండిన అరటిపండులోనూ, నారింజ రసంలోనూ, రొట్టెలోనూ లేశమాత్రం ఆల్కహాల్ సహజంగానే ఉంటుంది. పిండిన రోజే, చల్లగా ఉంచి తాగే రసంతో ఇబ్బంది రాదు. వేడిలో నిలవ ఉంచినప్పుడే లెక్క మారుతుంది.

ఇప్పుడు ఆ బొమ్మల కప్పు గురించి. ఆ కప్పు వల్లే ఆయన వెళ్లిపోయారని మీరు నమ్ముతున్నారు. నిజం కావచ్చు. గదిలో మద్యం వాసన భరించలేక వెళ్లి ఉండవచ్చు. నిజంగానే పని ఉండి ఉండవచ్చు. ‘ఒక్క గుక్కకేం కాదులే’ అని ఎవరో చెవిలో అని ఉండవచ్చు. మీకు తెలియదు, ఎందుకంటే మీరు అడగలేదు. మూడు నాలుగు పేజీల ఉత్తరంలో భర్త మాటలు ఉన్నాయి, అమ్మ ఆరోగ్యం ఉంది, అనాస తొక్కలు ఉన్నాయి. మీకూ అన్నయ్యకూ మధ్య ఈ విషయం మీద జరిగిన సంభాషణ ఒక్కటి కూడా లేదు. పానీయం కుదరకపోవడం కన్నా నాకు అదే పెద్ద లోటుగా కనిపించింది.

మీ పానీయం నచ్చితే ఆయన మళ్లీ ఆ వైపు చూడరన్న మాట కూడా ఉంది. అంత బరువు ఒక జగ్గు మీద పెట్టకండి. ఆయన మానడం ఆయన పని. చికిత్స, వదిన ఓర్పు, రోజూ ఆయన తనతో తాను చేసుకునే బేరాలు అందులో ఉన్నాయి. మీ చేతిలో ఉన్నది చిన్న పని: ఆ పూట ఆయన్ను ఎవరూ ప్రత్యేకంగా చూడకుండా చేయడం. పానీయం కుదరకపోయినా ఆయనకేమీ కాదు. కుదిరినా మీరు ఆయన్ను కాపాడినట్టు కాదు. ఈ రెండూ ఒప్పుకుంటే మిక్సీ దగ్గర మీ చేయి కాస్త తేలికపడుతుంది.

కాబట్టి వేడుకకు కనీసం వారం ముందు ఫోను చేయండి. వదినకు కాదు, ఆయనకే. వెనుక నుంచి విచారించినట్టు తెలిస్తే బాధపడతారు. ‘అన్నయ్యా, ఆ రోజు ఏర్పాట్లు ఇంకా తేల్చలేదు. మద్యం ఉండాలా వద్దా అన్నది నిన్ను అడిగే తేలుద్దామనుకున్నాను. నీకు ఏది హాయిగా ఉంటే అది చెప్పు, కారణాలు చెప్పనక్కరలేదు. ఇంకో మాట, నువ్వు వేసుకునే మాత్రలకు పడనివి ఏమైనా ఉంటే చెప్పు, వంటలో చూసుకుంటాను.’ ఇంతే చాలు. ఆ కప్పు ప్రస్తావన, క్షమాపణ, కన్నీళ్లు ఈ ఫోనులో వద్దు.

ఆయన జవాబును బట్టి మీ ముందు కొన్ని దారులు ఉంటాయి. మద్యం అసలే లేకుండా చేయడం అందులో అన్నిటికన్నా సులువు. దాని చిక్కు ఏమిటంటే, కొందరు బంధువులు సణుగుతారు, ఆ సణుగుడు ‘ఆయన వల్లే’ అన్న మాటగా మారి మీ అన్నయ్య చెవిన పడుతుంది. దీనికి ఒక చక్కని ఉపాయం ఉంది. వేడుకను మధ్యాహ్న భోజనానికి మార్చండి. యాభై ఏళ్ల పెళ్లిరోజు, వృద్ధ దంపతులు, పట్టపగలు. అలాంటి చోట మద్యం లేదేమని అడిగేవారు తక్కువ. ఎవరినీ కారణంగా చూపించాల్సిన అవసరం రాదు. వేసవి మధ్యాహ్నం కాబట్టి చల్లని పానీయానికి విలువ కూడా పెరుగుతుంది. నన్ను అడిగితే నా మొగ్గు ఇటే.

మీ భర్త చెప్పిన మేడ ఏర్పాటు పైకి సర్దుబాటులా కనిపిస్తుంది. ఆయన ఉద్దేశంలో చెడు లేదనే అనుకుంటున్నాను. కానీ ఏం జరుగుతుందో ఊహించండి. ఒక్కొక్కరే మెట్లెక్కుతారు. కాసేపటికి నవ్వులన్నీ పైనుంచి వినిపిస్తాయి. కింద అమ్మానాన్నలు, పిల్లలు, మీ అన్నయ్య మిగులుతారు. ఎవరి పెళ్లిరోజో వాళ్లే కింద కూర్చుని పైన చప్పుడు వినాలి. ఈ మాట మీ భర్తతో అన్నయ్య పేరు ఎత్తకుండా కూడా చెప్పవచ్చు.

మూడోది, అన్నీ ఒకే బల్ల మీద పెట్టి ఎవరికి కావలసింది వారు తీసుకోవడం. మానేసి చాలా ఏళ్లయిన కొందరికి ఇదే నయం, వాళ్లు ప్రత్యేక మర్యాదలు భరించలేరు. మొదటి ఏడాదిలో ఉన్నవారికి ఇది కష్టమైన పరీక్ష. అన్నయ్య ‘నాకేం పరవాలేదు, మామూలుగా కానీయండి’ అంటే ఆయన మాట నమ్మండి, కానీ ఆయన బయటపడే దారి ఒకటి సిద్ధంగా ఉంచండి. ఎవరికీ చెప్పకుండా వెళ్లగలిగేలా ఆయన వాహనం ఆయన దగ్గరే ఉండాలి. వెళ్తానంటే ఆపకూడదు, ‘అప్పుడేనా’ అనకూడదు.

వీటిలో ఏది ఎంచుకున్నా ఒక్కటి మాత్రం మార్చకండి. వచ్చిన ప్రతి పెద్దవారికీ గుమ్మం దాటగానే మొదటి గ్లాసు మీ పండ్ల పానీయమే ఇవ్వండి. ఒకే ఆకారం గ్లాసులు, ఒకే పళ్లెం. అన్నయ్యకు ఇచ్చేటప్పుడు ‘ఇది నీ కోసమే చేశాను’ అనవద్దు. ఆ ఒక్క మాట ఆయన్ను మళ్లీ పిల్లల బల్ల దగ్గర నిలబెడుతుంది.

ఇక పానీయం. మీ ప్రయత్నాలన్నీ చదివాక నాకు తోచింది ఇది: మీరు తియ్యగా ఉండేదాన్ని చేయాలని చూస్తున్నారు. పెద్దవాళ్లు తియ్యటి నీళ్లను రెండు గుక్కల్లో తాగేసి గ్లాసు పక్కన పెడతారు. చేతిలో అరగంట ఉండే పానీయానికి పులుపు, కాస్త చేదు లేదా వగరు, గొంతులో చిన్న ఘాటు, కనిపించీ కనిపించని ఉప్పు కావాలి. వీటి వల్ల గుక్క చిన్నదవుతుంది, తాగడం నెమ్మదిస్తుంది. మద్యం మానిన వారికి కొరతగా అనిపించేవాటిలో ఈ నెమ్మది కూడా ఒకటని నా నమ్మకం. పులుపుకు నిమ్మ ఉంది. వగరుకు టీ ఉంది, దానిమ్మ ఉంది. ఘాటుకు అల్లం, మిరియాలు. ఉప్పు చేసే పని చాలామంది గమనించరు: చిటికెడు వేస్తే ఉప్పగా అనిపించకుండానే చేదును అణచి తీపిని పైకి తెస్తుంది.

మీకు ఎదురైన లోపాలకు కారణాలు కూడా చెబుతాను, మళ్లీ రాకుండా ఉంటాయి. నిమ్మ చేదెక్కడానికి కారణం తొక్కకూ తొనకూ మధ్య ఉండే తెల్లటి పొర, గింజలు. వాటిలోని ఒక పదార్థం పులుపు తగిలాక మెల్లగా లిమోనిన్‌గా మారుతుంది. చేదు దానిదే. అందుకే పిండగానే బాగుండి తర్వాత పాడవుతుంది. నిమ్మను మిక్సీలో వేయకండి. చేత్తో పిండండి, గింజలు తీసేయండి, తొక్క సువాసన కావాలంటే రంగున్న పైపొర మాత్రమే పలచగా చెక్కండి. పుచ్చకాయ రసం విడిపోవడం తప్పేమీ కాదు, గుజ్జు బరువెక్కి కిందికి దిగుతుంది. సన్నని జల్లెడలో వడకట్టండి, లేదా పోసే ముందు కలపండి. నాలుగు పండ్ల మిశ్రమం గోధుమ రంగుకు తిరగడానికి ఆపిల్, అరటి కారణం. కోసిన చోట గాలి తగిలితే వాటిలోని ఎంజైమ్ పని మొదలుపెడుతుంది. నిమ్మరసం దాన్ని నెమ్మదింపజేస్తుంది కానీ, అరటి తెచ్చే చిక్కదనాన్ని ఏదీ తగ్గించలేదు. అసలు నాలుగు పండ్లు ఎందుకు? జగ్గులో ఒక పండే పెత్తనం చేయాలి. మిగతావి దానికి సాయం చేయాలి, పోటీకి రాకూడదు.

రుచి చూసేటప్పుడు ఒక జాగ్రత్త. చల్లదనం తీపినీ సువాసననూ మందగింపజేస్తుంది. గది వేడిలో చూసి సరిపోయిందనుకున్నది ఐసులో చప్పగా అనిపిస్తుంది, పైగా ఐసు కరిగి పలచన చేస్తుంది. కాబట్టి గ్లాసులో ఐసు వేసి, కాసేపు ఆగి, అప్పుడు రుచి చూడండి.

ముప్పై మందికి తలా రెండు గ్లాసులు, గ్లాసుకు 200 మిల్లీలీటర్లు అనుకుంటే 12 లీటర్లు కావాలి. ఒకే పానీయం అంత చేయడం కన్నా చెరి 6 లీటర్ల చొప్పున రెండు రకాలు చేయమంటాను.

మొదటిది పుచ్చకాయ. సుమారు 8 కిలోల కాయ తీసుకుంటే తొక్క పోను 4 లీటర్ల దాకా రసం వస్తుంది. కోసే ముందే కాయను బాగా కడగండి. తొక్క మీద ఉన్న మురికి కత్తితో పాటు లోపలికి వెళ్తుంది. గింజలు తీసిన ముక్కలను మిక్సీలో క్షణం పాటు మాత్రమే తిప్పి వడకట్టండి. అందులో 200 మిల్లీలీటర్ల నిమ్మరసం, 40 గ్రాముల అల్లం తురిమి పిండిన రసం, ఒక చిన్న చెంచా ఉప్పు వేయండి. చక్కెర వేయకండి. పుచ్చకాయలో 100 గ్రాములకు 6 గ్రాముల చక్కెర తనదే ఉంటుంది. ఇచ్చేటప్పుడు గ్లాసులో మూడింట రెండు వంతులు ఇది, ఒక వంతు చల్లని సోడా. సోడాను జగ్గులో ముందే కలిపితే బుడగలు పోతాయి. ఎంత చల్లగా ఉంటే అంత సేపు నిలుస్తాయి కాబట్టి సోడా సీసాలను కూడా ఫ్రిజ్‌లో పెట్టండి. నలిపిన పుదీనా రెండు ఆకులు వేస్తే చాలు, గుప్పెడు వేయకండి. ఆకు పళ్లలో ఇరుక్కుంటే పెద్దవాళ్లకు చిరాకు.

ఈ రసం పిండిన పూటే అయిపోవాలి. కోసిన పుచ్చకాయను గానీ రసాన్ని గానీ ఫ్రిజ్ బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. వేడి 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. మీ వేడుక వేసవిలో కాబట్టి గంట అనే అనుకోండి. చిన్న చిన్న జగ్గులుగా బయటికి తెండి.

రెండోదాని మీద నాకు మక్కువ ఎక్కువ. ముందు రోజు రాత్రి 50 గ్రాముల టీ ఆకును 5 లీటర్ల చన్నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. కాచవద్దు. చన్నీళ్లలో నానిన టీలో వగరు మెత్తగా ఉంటుంది, వేడినీళ్ల టీలో వచ్చేంత చేదు దిగదు. ఆరు నుంచి ఎనిమిది గంటల తర్వాత వడకట్టండి. మరోవైపు 12 పెద్ద నిమ్మకాయలను గోరువెచ్చని నీళ్లలో రుద్ది కడిగి, ఎందుకంటే కొన్నింటికి మైనం పూత ఉంటుంది, పైపొరను పలచగా చెక్కండి. ఆ చెక్కులను 350 గ్రాముల చక్కెరలో వేసి చేత్తో నలిపి రెండు మూడు గంటలు మూసి ఉంచండి. చక్కెర తొక్కలోని సుగంధ తైలాన్ని బయటికి లాగుతుంది. గిన్నె మూత తీసినప్పుడు వచ్చే పరిమళం ఏ సీసాలోనూ దొరకదు. అదే కాయలను పిండితే వచ్చే 400 మిల్లీలీటర్ల రసాన్ని దాని మీద పోసి కరిగించి, తొక్కలు తీసేసి, టీలో కలపండి. అంతే. కాస్త మిరియాల పొడి వేస్తే గొంతులో సన్నని మంట మిగులుతుంది. కొంచెం పక్కన తీసి వేసి చూసి, నచ్చితేనే అందరికీ వేయండి. 200 మిల్లీలీటర్ల గ్లాసుకు చక్కెర 12, 13 గ్రాములు పడుతుంది. టీలో కెఫీన్ ఉంటుంది కాబట్టి పిల్లలకు ఇది వద్దు, వాళ్లకు పుచ్చకాయ రసం ఇవ్వండి.

దానిమ్మ రసంతో కూడా చక్కటి వగరు వస్తుంది. కానీ ముదురు ఎరుపు, గాజు గ్లాసు, పొడవాటి కాడ కలిస్తే చూసేవారికి అది వైనే. దూరం నుంచి చూసిన పెద్దమ్మ ఎవరో గుండె పట్టుకుంటారు, అన్నయ్య సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకే దానిమ్మను పక్కన పెట్టాను. కావాలనుకుంటే మామూలు పొడవాటి గ్లాసుల్లో సోడాతో పలచగా ఇవ్వండి. మద్యం పేర్లకు ముందు ఏదో విశేషణం తగిలించి పిలిచే పానీయాల పేర్లు కూడా వద్దు. పుచ్చకాయ అల్లం, నిమ్మ టీ అంటే చాలు.

అమ్మ విషయం విడిగా చూడాలి. పండును నమిలి తినడం వేరు, రసం తాగడం వేరు. పీచు పోయిన రసంలోని చక్కెర రక్తంలోకి త్వరగా చేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పండ్ల రసంలోని చక్కెరను కూడా మనం కలుపుకునే చక్కెరతో సమానంగానే లెక్కించింది. రోజుకు 2000 కేలరీలు తీసుకునే వారికి అన్నీ కలిపి 50 గ్రాములు దాటకూడదని, 25 లోపు ఉంటే ఇంకా మంచిదని చెప్పింది. ఏమీ కలపని నారింజ రసం 200 మిల్లీలీటర్లలోనే దాదాపు 17 గ్రాములు ఉంటుంది. ఆ 50, 25 గ్రాములన్నది ఆరోగ్యవంతుల లెక్క, మధుమేహం ఉన్నవారి లెక్క వాళ్ల వైద్యులు చెప్పాలి. అమ్మకు ఉప్పు వేయకముందే తీసి ఉంచిన పుచ్చకాయ రసం పావు గ్లాసు, మిగతా సోడా, నిమ్మ ఇవ్వవచ్చు. లేదా టీలో చక్కెర పాకం కలపకముందే ఒక సీసా తీసి ఉంచి, ఆమెకు నిమ్మరసం, ఒక పలచని తొక్క చెక్కు మాత్రమే వేసి ఇవ్వవచ్చు. ఒక పెద్ద చెంచా నిమ్మరసంలో చక్కెర అర గ్రాము కూడా ఉండదు. చూడటానికి ఆమె గ్లాసూ అందరి గ్లాసులాగే ఉంటుంది. రక్తపోటు ఉంది కాబట్టి ఆమె గ్లాసులో ఉప్పు చేర్చకండి.

మాత్రల మాట వచ్చింది కాబట్టి మరొకటి. చేదు రుచి కోసం గ్రేప్‌ఫ్రూట్ గానీ పంపర పనస గానీ వాడదామని ఎవరైనా సలహా ఇస్తే ఈ వేడుకకు వద్దనండి. వీటిలోని పదార్థాలు కొన్ని కొలెస్ట్రాల్, రక్తపోటు మాత్రలు ఒంట్లో విడిపోయే వేగాన్ని తగ్గించి, రక్తంలో మందు మోతాదును పెంచుతాయి. ముప్పై మందిలో ఎవరు ఏ మాత్ర వేసుకుంటున్నారో మీకు తెలియదు.

ఈ రెండింటిలో ఒక్కటే చేసే ఓపిక ఉంటే టీ చేయండి, ముందు రాత్రే సగం పని అయిపోతుంది. పుచ్చకాయకు ఆ పూట వంటగదిలో ఒక మనిషి నిలబడాలి. ఆ మనిషి మీరే అయితే వచ్చినవారిని పలకరించేది ఎవరు? మీ భర్తకు అప్పగించండి. మేడ మీద ఏర్పాటుకు సిద్ధమైన మనిషికి సోడా పోయడం పెద్ద పనేమీ కాదు. ప్రతి గ్లాసూ ఆయన చేతుల మీదుగా వెళ్తే, ఆ పూట ఎవరు ఏం తాగుతున్నారన్నది మీ ఒక్కరి పట్టుదలగా కాక ఇద్దరి ఆతిథ్యంగా కనిపిస్తుంది. వేడుకకు ముందే ఒక రోజు రెండు గ్లాసుల కొలతకు చేసి ఇద్దరూ రుచి చూడండి. పులుపు ఎక్కువైందో తక్కువైందో ఆయన్నే చెప్పమనండి.

అన్నయ్య ఆ రోజు రెండూ వద్దని మంచినీళ్లు అడగవచ్చు. అదే గ్లాసులో ఐసు వేసి ఇవ్వండి, ‘కాస్త రుచి చూడు’ అని వెంటపడకండి. ఎవరైనా వచ్చి ఆయన గ్లాసులో ఏమైనా కలుపుతామని సరదాగా అన్నా సరే, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దని మీ భర్తకు ముందే చెప్పి ఉంచండి. అక్కడ నవ్వి ఊరుకోవలసిన పని లేదు. వేడుక అయ్యాక మిగిలిన పుచ్చకాయ రసాన్ని నిలవ ఉంచకండి. నిమ్మ టీని మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మర్నాటి వరకు బాగుంటుంది. ఆ తర్వాత బుడగలు కనిపించినా వాసన మారినా ఏం చేయాలో మీకు ఇప్పుడు తెలుసు.